పన్నెండు పాయింట్ ఎనిమిది

పోయిన వారం మా పక్కింటి మిద్దె మీద రేకుల కప్పు వేస్తున్నారు. తిరుపతి ఎండకు తాళలేక ఇప్పుడు ప్రతి మిద్దె మీదా ఒక కప్పు లేస్తోంది. ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. ఒకాయన చేతిలో అగ్గిపెట్టె అంత యంత్రం ఉంది. దాన్ని గోడకేసి నొక్కితే ఎర్రచుక్క ఒకటి పడి, దూరం ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఆయన అంకె చదివాడు. ఇనుప గొట్టం కోస్తున్న రెండో ఆయన మిషన్ ఆపి, "పాయింటా, అంగుళాలా?" అని అడిగాడు. "పాయింటే" అన్నాడు మొదటాయన. ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు.

నేను మా మిద్దె మీద వడియాలు పెడుతున్నాను. పిండి గిన్నె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎంత చిన్న ప్రశ్న! అడగడానికీ, జవాబు చెప్పడానికీ కలిపి రెండు క్షణాలు పట్టలేదు. ఆ మాట అడగాలని మా నాయనకు ఆ రోజు తెలియదు. తెలిసిన దాన్ని నేను, చెప్పలేదు.

మా నాయన వడ్రంగి. చిత్తూరు చివర, బెంగుళూరు రోడ్డు పక్కన మా ఇల్లు. ఇంటి ముందు తాటాకుల కొట్టం, అందులో ఆయన పని. కళ్ళు మూసుకుని కొట్టంలోకి పోయినా ఏ కర్ర కోస్తున్నాడో ముక్కు చెప్పేసేది. వేప చేదుగా, మామిడి పులుపుగా ఉండేవి. టేకు మాత్రం కొత్త తోలుకు నూనె రాసిన వాసన వేసేది. ఎండాకాలంలో వీటన్నిటి మీదా రోడ్డు వాసన ఒకటి. బంగారుపాళ్యం వైపు మామిడికాయల లారీలు పోతూ ఉంటే, పండి చితికిన కాయల రసం తారు మీద కారి, ఊరంతా తియ్యగా కుళ్ళినట్టు ఉండేది. చిత్రిక పట్టేటప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే పొట్టును చెవులకు లోలాకుల్లాగా తగిలించుకుని తిరిగేదాన్ని. నాయన చెవి మీది పెన్సిల్ దొంగిలించి, వెతకనిచ్చి, వెతకనిచ్చి ఇచ్చేదాన్ని.

ఇంట్లో నేను, తమ్ముడు, అమ్మ, నాయన, నాయన తల్లి మా అవ్వ. మా వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. ఆడపిల్లకు ఎంపీసీ ఎందుకని బంధువులు నసిగితే, దాని తలకాయలో లెక్కలుండాయి, నేను పెట్టినవి కావు, తీసేయడానికి నేనెవరని నాయన వాళ్ళ నోళ్ళు మూయించాడు.

ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయి సెలవులిచ్చారు. ఆ వేసవిలో నాకు కొలతల పిచ్చి పట్టుకుంది. కాలేజీలో మా లెక్కల సారు త్రిపరిమాణ జ్యామితి మొదలుపెట్టి వదిలారు. పొడవు, వెడల్పు, ఎత్తు, మూడు ఉంటే చాలు, ప్రపంచంలో దేన్నైనా కాగితం మీదికి దించేయొచ్చని నాకు గట్టి నమ్మకం కుదిరింది. నీళ్ళ తొట్టి ఘనపరిమాణం కట్టాను. పక్కింటి గడ్డివామి కట్టాను. అవ్వ వక్కాకు పెట్టెలో ఎన్ని వక్కలు పడతాయో కట్టి, మూడు వక్కలు కొట్టేసి, లెక్క సరిపోయిందని చెప్పాను.

ఒకనాడు రాగి సంగటి దగ్గర గొడవ పెట్టుకున్నాను. అమ్మ తమ్ముడి కంచంలో వేసిన ముద్ద నా ముద్ద కంటే చూపుకు కాస్తే పెద్దది. నేను దారంతో రెండు ముద్దల చుట్టుకొలత తీసి, వాడిది నా దానికి ఒకటిన్నర రెట్లు ఉందని తేల్చాను. గోళం గదా, వ్యాసం కొంచెం పెరిగితే లోపలి సరుకు ఎంతో పెరుగుతుంది. ఊరుబిండి పచ్చడిలో దారం పడి ఎర్రగా అయింది. అమ్మ తిట్టింది. అవ్వ మాత్రం నా మొహం చూసి, "తినే కూడుకు కొలతేంది మే? యెంత పట్టేదీ కడుపుకు తెలీదా?" అంది. నాయన నవ్వుతూ తన ముద్దలోంచి కాస్త తుంచి నా కంచంలో వేసి, ఇప్పుడు సరిపోయిందేమో కట్టుకోమన్నాడు.

ఆ వేసవిలోనే మా లెక్కల సారు ఇల్లు కట్టుకుంటున్నారు. కప్పు పని నాయనకు ఇచ్చారు. నాలుగు వైపులా వాలుండే పెంకుల కప్పుకు ఆ చుట్టుపక్కల నాయన పెట్టింది పేరు. మామూలు రెండు వాలుల కప్పు ఎవరైనా వేస్తారు. నాలుగు వాలులైతే, నాలుగు మూలల నుంచీ నడినెత్తిన ఉండే వెన్నుగాడి దాకా నాలుగు మూలవాసాలు ఏటవాలుగా లేవాలి. ఆ వాసం పక్కకూ పోతుంది, ముందుకూ పోతుంది, పైకీ పోతుంది. దాని పొడవు తేల్చడమే అసలు పని.

నాయన దాన్ని తేల్చే పద్ధతి నేల మీద. చదునైన చోట ముగ్గుదారం కొట్టి, ఇంటి మూలను ఉన్నదున్నట్టు గీసేవాడు. మూల నుంచి మూలకు గీత లాగేవాడు. ఆ గీత కొసన మూలమట్టం పెట్టి ఎత్తును పక్కకు పరిచి, అక్కడి నుంచి మళ్ళీ మూలకు మోకు లాగేవాడు. ఆ మోకు పొడవే వాసం పొడవు. ఒక పూట పట్టేది. దారం బిగువుగా ఉందా, నేల సమంగా ఉందా అని మోకాళ్ళ మీద పాకుతూ చూసేవాడు. వడ్రంగి అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటాడు. నాయన కంటికి అర నూలు తేడా కూడా తెలిసేది.

నాకు అది చాదస్తంలాగా కనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, మా సారు ఇంటి ముందర నాయన మోకాళ్ళ మీద పాకడం నాకు నామోషీ అనిపించింది. సారు గారు చూస్తారు. సారు గారి దగ్గరికి వచ్చే ఇతర లెక్చరర్లు చూస్తారు. ఈ కాలంలో ఇంకా ఇట్లా కొలిచేవాడి కూతురా ఈ పిల్ల అనుకుంటారు.

అందుకే నేను కాగితం తీసుకుని ఎగబడ్డాను. ఇంటి వెడల్పు పదహారు అడుగులు, సగం ఎనిమిది. వెన్నుగాడి ఎత్తు ఆరడుగులు. ముందు మామూలు వాసం కట్టి చూపించాను. ఎనిమిది వర్గం, ఆరు వర్గం కలిపితే నూరు, దాని మూలం పది. సరిగ్గా పదడుగులు. నాయన ఒక వాసం కోసి పెట్టి చూశాడు. గోడ అంచునా, వెన్నుగాడికీ వేలితో నొక్కినట్టు కూర్చుంది. ఆయన మొహంలో ఆ రోజు చూసిన సంతోషం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఇక మూలవాసం కూడా నేనే కట్టేస్తానన్నాను. నేల మీద గీసుకుంటే మంచిది గదా అని ఆయన నసిగాడు.

"కాగితం తడిస్తే పోతాది మ్మా. నేల యాడికి పోతాది?" అన్నాడు.

"పదడుగుల వాసం సరిపోయింది గదా నాయనా. ఇంకా నమ్మకం లేదా?" అన్నాను. మూతి కూడా ముడిచాను.

ఆ ముడిచిన మూతికి ఆయన లొంగిపోయాడు. పక్కకు ఎనిమిది వర్గం, ముందుకు ఎనిమిది వర్గం, పైకి ఆరు వర్గం. అరవై నాలుగు, అరవై నాలుగు, ముప్ఫై ఆరు. మొత్తం నూట అరవై నాలుగు. వర్గమూలం చకచకా కట్టి, తలెత్తి చెప్పాను. అంకెల మధ్య వచ్చే చుక్కను బడిలో మాకు దశాంశం అని నేర్పారు. ఆ మాట అని ఉంటే, అదేంది మ్మా అని నాయన తప్పకుండా అడిగేవాడు. కాలేజీకి పోతున్నాను గదా, ఇంగ్లీషు ముక్క పడాలి గదా. "పన్నెండు పాయింట్ ఎనిమిది" అన్నాను.

నాయన చెవి మీది పెన్సిల్ తీసి చెక్క మీద 12-8 అని వేసుకున్నాడు. వడ్రంగి రాతలో అది పన్నెండడుగుల ఎనిమిదంగుళాలు. ముందు అడుగులు, తర్వాత అంగుళాలు, వాళ్ళ లోకంలో ఇంకో రకం లేదు. పాయింట్ అంటే ఆ రెండు అంకెల మధ్య ఇంగ్లీషువాళ్ళు పెట్టుకునే మాట కాబోలు అనుకున్నాడాయన. నేను ఆయన రాసింది చూశాను. ఆ గీతను చూసి, నాయనకు చుక్క పెట్టడం కూడా రాదే అని లోపల నవ్వుకున్నాను. నవ్వుకున్నాను గానీ, అది ఏమిటని అడగలేదు.

పన్నెండు పాయింట్ ఎనిమిది అడుగులంటే పన్నెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు దాటి ఉంటుంది. ఆ తేడాతోనే నాలుగు వాసాలూ కోసేశాడు. సారు తిరుపతి కలప అడితిలో రెండు సార్లు తిరిగి, వంకర లేనివిగా ఏరి తెచ్చుకున్న టేకు అది. కప్పు చూరు విడిగా వేయించాలని సారు అనుకున్నారు కాబట్టి వాసాలన్నీ గోడ అంచుకే తెగాలి. కొసరు లేదు.

ఎత్తే రోజు పొద్దున్నే నన్నూ తీసుకుపోయాడు నాయన. సారుతో పాటు ఇంకో ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు. ఆరుగురు కూలీలు వచ్చారు. సారు భార్య అందరికీ మజ్జిగ ఇచ్చింది. నాయన గ్లాసు పట్టుకుని, ఈసారి తాను నేల మీద దారం పట్టలేదనీ, లెక్కంతా మా పాప కాగితం మీద కట్టిందనీ, సారు పెట్టిన చదువేననీ అందరికీ వినపడేట్టు చెప్పాడు. సారు నా వైపు చూసి తల ఊపారు. నేను ఏనుగెక్కినట్టు నిలబడ్డాను.

మొదటి మూలవాసాన్ని మోకులు కట్టి పైకి లాగారు. కింది కొస గోడ మూలన కూర్చుంది. పై కొస వెన్నుగాడిని అందుకోలేదు. రెండు వేళ్ళు దూరేంత సందు. నాయన కింది కొసను జరిపించాడు, పై కొసను జరిపించాడు. రెండో మూలకు పోయి రెండో వాసం ఎత్తించాడు. అక్కడా అంతే సందు. గోడ మీద నిలబడే అడుగుబద్ద పెట్టి కొలుచుకున్నాడు. పన్నెండడుగుల ఎనిమిదంగుళాలు సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు కిందికి, నా వైపు చూశాడు. అడిగినట్టు కాదు, కోపంగా అసలే కాదు. నాకు ఏదైనా తెలుసేమోనని చూశాడు, అంతే.

నాకు అర్థమైంది. చెక్క మీది 12-8 కళ్ళ ముందు ఆడింది. సారు ఏమైందని కింది నుంచి అరిచారు. నాయన నిచ్చెన దిగి వచ్చి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పు నాదే సార్. యాడో కొలత తప్పినాను" అన్నాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే సరిపోయేది. తిట్లో చీవాట్లో ఆయనే తినేవాడు, ఇంటికి పోయినాక నేను చెప్పుకునేదాన్నేమో. సారు మాత్రం నా వైపు తిరిగి, లెక్క నీదే గదా అమ్మా అన్నారు. పక్కన ఇద్దరు లెక్చరర్లు. నా లెక్క తప్పని వాళ్ళు అనుకుంటారు. ఆ ఒక్క భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"లెక్క సరిగ్గానే ఉంది సార్. పన్నెండు పాయింట్ ఎనిమిది. మా నాయనకు పాయింటంటే తెలీదు."

సారుకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. తర్వాత నవ్వారు. కడుపు పట్టుకుని నవ్వారు. లెక్చరర్లకు విడమరిచి చెప్పారు, వాళ్ళూ నవ్వారు. కూలీలకు ఏమీ తెలియకపోయినా పెద్దవాళ్ళు నవ్వుతున్నారు గదా అని నవ్వారు. అందరూ నవ్వుతుంటే మా నాయన కూడా నవ్వాడు. తలగుడ్డ చేతిలో నలుపుతూ, దేనికి నవ్వుతున్నారో తెలియకుండా నవ్వాడు.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు నేను ఆయనకు పది అడుగులు వెనక నడిచాను. నాకు ఆయన మీద సిగ్గుగా ఉంది, ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ అదే నిజం. రోడ్డు దాటేచోట ఆయన నా కోసం ఆగాడు. "నీ లెక్క తప్పులేదంట మ్మా. సారే చెప్పినాడు" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. ఆ రోజు ఆయనకు మిగిలింది అదొక్కటే.

వాసాలను పారేయలేక, ప్రతి దాని పై కొసనా ఒక ముక్క అతికాడు. పది రోజులు పట్టింది. వేలు పెట్టి తడిమినా తెలియనంత బాగా అతికాడు గానీ, టేకు రేఖలు కలవవు గదా, తలెత్తి చూస్తే నాలుగు మూలలా నాలుగు అతుకులు. సారు చెడ్డవారు కారు. హాస్యప్రియులు. ఇంటికి ఎవరు వచ్చినా అతుకులు చూపించి, అదుగో అదే పాయింటు అని కథంతా చెప్పేవారు. కాలేజీలో చెప్పారు. అడితిలో చెప్పారు. నాలుగు నెలల్లో మా నాయన పేరు పాయింటు ఆచారి అయిపోయింది. అంగట్లో బియ్యం తూచేవాడు కూడా, "ఏం పాయింటూ, బాగుండావా?" అని అడిగేవాడు. ఆయన బాగుండాను అని జవాబు చెప్పేవాడు.

ఆ తర్వాత నాలుగు వాలుల కప్పు పని ఆయనను వెతుక్కుంటూ రాలేదు. పాయింటుకిస్తే కప్పంతా అతుకులే అని జనం అనేవారట. తలుపులు, మంచాలు, ఉయ్యాల తొట్లు చేసుకున్నాడు. అవి కూడా బాగా చేసేవాడు. కానీ కొత్తగా లేచే ఇంటి ముందు నుంచి పోతుంటే తలెత్తి వాసాలు చూడడం మానేశాడు. అవ్వ ఒకసారి, పనేమైందిరా అబ్బా అని అడిగితే, ఇప్పుడందరూ మిద్దెలే కడతాండారని చెప్పాడు. అది కొంత నిజం కూడా.

రెండో సంవత్సరం పరీక్షల ముందు ఒక సాయంత్రం, నేను చదువుకుంటూ ఉంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. పెన్సిల్, ఒక చెక్క ముక్క తెచ్చుకున్నాడు. పాయింటంటే ఏంది మ్మా, నాకూ చెప్పు అన్నాడు. అయిదు నిమిషాల పని. పరీక్షలున్నాయి, తర్వాత చెప్తానన్నాను. సరే మ్మా అని లేచిపోయాడు. మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. తిరుపతిలో పై చదువులు చదివి, అక్కడే ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరాను. పిల్లలు జవాబు పక్కన అడుగులో అంగుళాలో రాయకుండా వదిలేస్తే అర మార్కు కోసేదాన్ని. ప్రమాణం రాయని జవాబు జవాబే కాదని కేకలేసేదాన్ని. పన్నెండు పాయింట్ ఎనిమిది అని చెప్పిన రోజు నేను కూడా ప్రమాణం చెప్పలేదని, లెక్క తప్పింది మా నాయన కాదు నేనేనని, ఎన్ని పేపర్లు దిద్దినా నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు.

అంతకంటే ఘోరం ఒకటుంది. త్రిపరిమాణ జ్యామితి మొదలుపెట్టే రోజు నేను ప్రతి ఏడూ ఒక కథ చెప్పేదాన్ని. ఒక ఊళ్ళో ఒక వడ్రంగి ఉండేవాడు, ఆయనకు పాయింటంటే తెలీదు అని మొదలుపెట్టేదాన్ని. ఆయన మోకాళ్ళ మీద పాకడం, తలగుడ్డ నలపడం అంతా చేసి చూపించేదాన్ని. పిల్లలు నవ్వాలని వాసాన్ని ఏటికేడూ ఇంకాస్త పొట్టి చేశాను. చివరికి అది జానెడు తక్కువైంది. చెయ్యి చాపి జానెడు చూపిస్తే క్లాసు గొల్లుమనేది. ఆ వడ్రంగి మా నాయన అని ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఒక ఏడాది ఆ క్లాసు అయి బయటికి వచ్చేసరికి, వరండాలో కిటికీ కింద బల్ల మీద నాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మామిడికాయల సంచి. నన్ను చూడాలని పొద్దున బస్సుకు వచ్చాడట. ఎంతసేపయింది నాయనా అని అడిగాను. క్లాసు మొదలు గంట కొట్టినప్పటి నుంచీ ఈడనే ఉండానన్నాడు. పిల్లలు ఇంకా నవ్వుకుంటూనే మా పక్క నుంచి పోతున్నారు. ఒకడు స్నేహితుడికి చెయ్యి చాపి జానెడు చూపిస్తున్నాడు. నాయన వాడిని చూశాడు.

"పిల్లోళ్ళు బాగా నవ్వినారు మ్మా" అన్నాడు. "బాగా చెప్పినావు." సంచి నా చేతికిచ్చాడు. తర్వాత చాలా మెల్లగా, పక్కనెవరూ వినకుండా అన్నాడు.

"జానెడు కాదు మ్మా. ఒకటిన్నర అంగుళం, మీద ఒక నూలు. అంతే తగ్గింది."

టీ తాగుదాం రా నాయనా అన్నాను. తాగి, మూడు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ కథను నేను మళ్ళీ ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆయన ఇంకా తొమ్మిదేళ్ళు బతికాడు. పండగలకూ పబ్బాలకూ ఎన్నోసార్లు ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. తప్పు నాది నాయనా అనే మాట ఆయనతో అనలేదు. ఎవరితోనైనా అనడం ఇదే మొదటిసారి, వినాల్సిన మనిషి లేనప్పుడు.